ఆ ఫొటోలోని పాము బర్మా కొండచిలువ కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

ఈ నెల మొదటి వారంలో మీ బెంగళూరు సంచికలో, కనకపుర రోడ్డు వైపు ఒక అపార్టుమెంటు పార్కింగులో పట్టుబడిన ఆరడుగుల కొండచిలువ గురించి ఫొటోతో సహా వార్త వచ్చింది. అది బర్మీస్ పైథాన్ అనీ, ఎవరో గుట్టుగా పెంచుకొని పెద్దదయ్యాక వదిలించుకొని ఉంటారనీ, విదేశీ జాతి కనుక మరింత ప్రమాదకరమనీ అందులో రాశారు. ఆ వార్త చదివాక మా వీధిలో రెండు మూడు ఇళ్లవాళ్లు పిల్లల్ని సాయంత్రం ఆటలకు కిందికి పంపడం మానేశారు. భీమవరంలో ముప్పయి ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గర జె.పి. నగర్‌లో ఉంటున్న నన్ను, పాముల గురించి ఏదో తెలిసినవాణ్నని, దారిన పోయేవాళ్లంతా ఆపి అడగడం మొదలుపెట్టారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక మీకు రాస్తున్నాను.

మీ ఫొటోలో ఉన్నది బర్మా కొండచిలువ కాదు. అది మన కొండచిలువే. ఆ పామును పట్టుకున్న యువకుడు చేసిన ఒక మంచి పని వల్ల ఈ మాట ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. సాధారణంగా ఇలాంటి ఫొటోలలో పట్టుకున్నవాడి బొటనవేలు సరిగ్గా పాము దవడ మీద ఉంటుంది, తలలో చూడవలసిన భాగమంతా ఆ వేలి కిందే దాగిపోతుంది. ఇతను మెడ దగ్గర పట్టుకున్నాడు. కాబట్టి తల ఎడమ పక్క మొత్తం కనిపించింది. అచ్చు పత్రికలో చుక్కలు చుక్కలుగా పడింది కానీ, మీ ఈ-పేపరులో అదే ఫొటోను పెద్దది చేసి చూస్తే కన్ను, కంటి కింద పై పెదవి పొలుసులు, ముట్టె మీది గుర్తు స్పష్టంగా తెలుస్తున్నాయి.

ఈ రెండు పాములకూ మధ్య తేడా తెలియకపోవడం విలేఖరి తప్పేమీ కాదు, శాస్త్రజ్ఞులే చాలాకాలం వీటిని ఒకే జాతిగా లెక్కించారు. మన కొండచిలువను లినేయస్ 1758లోనే వర్ణించాడు. ఇప్పుడు దాని పేరు పైథాన్ మోలురస్. బర్మా కొండచిలువకు 1820లో కూల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు బివిట్టేటస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు రెండు పట్టీలది అని అర్థం. తర్వాతి కాలంలో దాన్ని మోలురస్‌లో ఒక ఉపజాతిగా కలిపేశారు, నేను పాఠం చెప్పిన ఏళ్లన్నీ అలాగే చెప్పాను. 2009లో జాకబ్స్, ఔలియా, బోమె అనే ముగ్గురు పరిశోధకులు ఈ రెండూ కొన్నిచోట్ల పక్కపక్కనే బతుకుతున్నా వేటికవే విడిగా నిలుస్తున్నాయని చూపి, బర్మా కొండచిలువను మళ్లీ వేరే జాతిగా నిలబెట్టారు. పెంపకందారులు, అమ్మకందారులు మాత్రం ఇప్పటికీ పాత అలవాటు ప్రకారం ఉపజాతులనే అంటారు.

మన భాషతో కూడా ఇక్కడ ఒక చిక్కు ఉంది. తెలుగులో చిలువ అంటేనే పాము, కనుక కొండచిలువ అన్న మాట కొండంత పాములన్నిటికీ సరిపోతుంది, ఆఫ్రికాదైనా ఆస్ట్రేలియాదైనా. అలాగే జాతి అన్న మాటను మనం కుక్క జాతికీ, మామిడి జాతికీ, మనుషుల జాతికీ, జీవశాస్త్రంలోని జాతికీ ఒకేలా వాడతాం. అందువల్ల విదేశీ జాతి అని పత్రికలో చదివినవాడికి, అది వేరే ప్రాణి అని చెప్పారో, అదే ప్రాణిలో మరో రకమని చెప్పారో, విదేశం నుంచి తెచ్చినదని మాత్రమే చెప్పారో బోధపడదు. పైగా బర్మా కొండచిలువను పూర్తిగా విదేశీ అనడానికి కూడా వీల్లేదు. అది మయన్మార్, థాయిలాండ్, వియత్నాం, దక్షిణ చైనాలతో పాటు మన ఈశాన్య రాష్ట్రాలలోనూ సహజంగానే ఉంటుంది. బెంగళూరు చుట్టుపక్కల అడవులలో మాత్రం ఉండదు. ఇక్కడ ఉండేది మోలురస్ ఒక్కటే, కన్నడిగులు హెబ్బావు అనేది దాన్నే.

ఇక తేడా ఎలా తెలుసుకోవాలన్నది. చాలామంది రంగు చూస్తారు. మన కొండచిలువ కాస్త పాలిపోయిన గోధుమ లేదా బూడిద రంగులో, బర్మాది ముదురు గోధుమలో అంచుల దగ్గర నల్లటి గీతలతో ఉంటుందని చెప్పుకోవడం అబద్ధం కాదు. కానీ రంగు ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. కుబుసం విడిచే ముందు ఏ పామైనా మసకబారుతుంది, విడిచిన మర్నాడు అదే పాము నిగనిగలాడుతుంది. ఫోను కెమెరాలు సాయంత్రపు వెలుతురులో ఏ రంగును ఏం చేస్తాయో అందరికీ తెలిసినదే. పక్కల మీది మచ్చలు కొంత మేలు. మోలురస్‌లో పక్క మచ్చల నడుమ లేత రంగు చుక్క కన్నులాగా తేలి ఉంటుంది, బివిట్టేటస్‌లో ఆ మచ్చలు నిండుగా ఉంటాయి. తల మీద బాణపు మొనలాంటి గుర్తు రెండింటికీ ఉంటుంది. అయితే బర్మా కొండచిలువలో అది ముట్టె కొనదాకా స్పష్టంగా సాగుతుంది, మన దానిలో వెనక భాగం మాత్రమే నిలిచి, ముందు భాగం ముట్టె వైపు పోయేకొద్దీ చెరిపేసినట్టు మాయమవుతుంది. మన కొండచిలువ తలలో గులాబీ ఛాయ కూడా ఉంటుంది. ఎన్నో ఏళ్ల కిందట విద్యార్థులను మద్రాసు స్టడీ టూరుకు తీసుకువెళ్లినప్పుడు, పాముల నిపుణుడు రోములస్ విటేకర్ నెలకొల్పిన గిండీ స్నేక్ పార్కులో ఒక పనివాడు కర్ర చివరతో ఆ గులాబీ రంగునే చూపించి, ఇది ఈ దేశపు ముద్ర సార్ అని తమిళంలో అన్నాడు. ఆ మాట నాకు పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువగా గుర్తుండిపోయింది.

అన్నిటికన్నా గట్టి ఆనవాలు కంటి కింద ఉంటుంది. మన కొండచిలువలో పై పెదవి అంచున వరుసగా ఉండే పొలుసులలో ఆరోదో ఏడోదో నేరుగా పైకి లేచి కంటిని తాకుతుంది. బర్మా కొండచిలువలో అలా తాకదు. పెదవి పొలుసులకూ కంటికీ మధ్య చిన్న చిన్న పొలుసుల వరుస ఒకటి అడ్డంగా ఉంటుంది. రంగు మారినా, వయసు పెరిగినా, తెల్లగా అల్బినోగా పుట్టినా ఈ అమరిక మారదు. మీరు వేసిన ఫొటోలో పెదవి పొలుసు కంటిని తాకుతోంది, బాణం గుర్తు ముట్టె మీద చెరిగిపోయింది, మెడ వెనక పక్క మచ్చలలో లేత చుక్కలున్నాయి. మూడు ఆనవాళ్లూ ఒకే వైపు చెబుతున్నాయి. కుడి పక్క కూడా చూసి ఉంటే ఇంకా బాగుండేది, ఎందుకంటే పాముల తల పొలుసులు రెండు పక్కలా ఒకేలా ఉండాలన్న నియమం లేదు. అయినా ఈ మూడూ కలిసినప్పుడు నాకు సందేహం లేదు.

ఇక్కడొక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోకూడదు. ఈ ఉత్తరం చదివి ఎవరైనా కంటి కింది పొలుసు లెక్కపెట్టడానికి పాము దగ్గరికి వంగితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది. బెంగళూరు శివార్లలో కొండచిలువ పిల్లలు ఎంత దొరుకుతాయో రక్తపింజరులు అంతకన్నా ఎక్కువ దొరుకుతాయి, తెలియనివారి కంటికి రెండూ లావుగా, మచ్చలతో, మందకొడిగా కనిపిస్తాయి. రక్తపింజరి వీపు మీద గుండ్రటి మచ్చలు గొలుసులాగా వరుసగా ఉంటాయి, కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా, ఆకారం లేకుండా ఉంటాయి. ఈ తేడా కూడా దూరం నుంచే చూడాలి. ఫోనులో జూమ్ అన్నది ఇందుకే ఉంది.

తేడా తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి అని మా అబ్బాయే నన్ను అడిగాడు. పార్కింగులో దొరికిన పామును మన కొండచిలువగా గుర్తిస్తే, అటవీ సిబ్బంది దాన్ని దగ్గరలోని అడవిలో, అది వచ్చిన చోటుకే, వదిలిపెట్టవచ్చు. బన్నేరుఘట్ట అడవి వైపు నుంచి వచ్చే కొండచిలువలకు కనకపుర రోడ్డు అపార్టుమెంట్లు దారిలో అడ్డొచ్చినవే తప్ప, పాములు మన దారికి అడ్డొచ్చినవి కావు. దాన్నే పెంపుడు బర్మా పామని ముద్ర వేస్తే, అడవిలో వదలడానికి ఎవరూ సాహసించరు, బతికినన్నాళ్లూ బోనులో ఉండాలి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో పెట్టి కాపాడే ప్రాణిని, దాన్ని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష వేసే చట్టం ఉన్న దేశంలో, ఒక తప్పుడు పేరుతో జీవితఖైదు చేసినట్టవుతుంది.

తప్పు రెండో వైపు జరిగితే ఇంకా చేటు. నిజంగా ఎవరో పెంచి వదిలేసిన బర్మా కొండచిలువను మనదే అనుకొని అడవిలోకి వదిలితే ఏమవుతుంది? ఈ రెండూ బోనులలో కలిసి పిల్లలను పెట్టాయి, ఆ పిల్లలు కూడా గొడ్డుపోకుండా సంతానం ఇచ్చాయి. అమెరికాలోని ఫ్లోరిడా కథ ఇందుకు ఉదాహరణ. పెంపుడు వ్యాపారం ద్వారా చేరిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడి, అక్కడి ముంగిస పరిమాణపు ప్రాణుల నుంచి మొసళ్ల దాకా దేన్నీ వదలలేదు. 2012లో ఆ దేశం వాటి దిగుమతిని, రాష్ట్రాల మధ్య రవాణాను నిషేధించింది. 2018లో అక్కడి పరిశోధకులు సుమారు 400 పాముల డీఎన్ఏ చూస్తే, అందులో 13 పాములలో తల్లి వైపు నుంచి వచ్చే డీఎన్ఏ మన భారత కొండచిలువది! అవన్నీ బర్మా పాముల గుంపులోనివే. ఏ తరంలోనో, బహుశా ఏ పెంపకందారుడి పెట్టెలోనో, మన పాము ఒకటి ఆ వంశంలో చేరిందన్నమాట. ఒకే జాతిలో రెండు ఉపజాతులే కదా అని కలిపినవారికి అప్పట్లో అది తప్పుగా తోచి ఉండదు.

అంతర్జాతీయ వ్యాపారంలో కూడా ఈ ఒక్క పొలుసు మీద చాలా ఆధారపడి ఉంది. వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో మన కొండచిలువ (ఉపజాతి పేరుతో కలిపి పైథాన్ మోలురస్ మోలురస్) మొదటి అనుబంధంలో ఉంది, అంటే అడవి నుంచి పట్టి దేశాల మధ్య అమ్మడం దాదాపు పూర్తిగా నిషిద్ధం. బర్మా కొండచిలువతో సహా మిగిలిన కొండచిలువలన్నీ రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే కాగితాలుంటే వ్యాపారం చేయవచ్చు. కాగితం మీద ఒక మాట మార్చి రాస్తే నిషిద్ధ ప్రాణి అనుమతి ఉన్న ప్రాణి అయిపోతుంది. విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారికి ఆ కాగితమే కాక పెట్టెలోని పాము ముఖం చూసే తీరిక, శిక్షణ రెండూ ఉండాలి కదా. 2023 సెప్టెంబరులో ఇదే బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయంలో బ్యాంకాక్ నుంచి వచ్చిన సూట్‌కేసులలో 72 పాములు దొరికిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాటిలో 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు. అప్పుడు కొన్ని పత్రికలు బాల్ పైథాన్లను రంగురంగుల జాతులు అని రాశాయి.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పెంపుడు పాముల లోకంలో జరిగే గందరగోళంలో సగం అక్కడే ఉంది. బాల్ పైథాన్ పడమటి, మధ్య ఆఫ్రికాలోని పాము, పెరిగినా మూడు నుంచి అయిదడుగులు. దానికి ఉపజాతులంటూ లేవు. అల్బినో, పాస్టెల్, స్పైడర్ అని అమ్మేవన్నీ ఒకే జాతిలోని రంగుల తేడాలు, వంశపారంపర్యంగా వచ్చేవి. మా గోదావరి జిల్లాల వారికి ఇది చెప్పనక్కరలేదు. సంక్రాంతి పుంజులను డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల అని పిలుస్తాం. అవి ఈక రంగును బట్టి పెట్టిన పేర్లు, ఒకే పెట్ట పొదిగిన గుడ్లలోంచి డేగా రావచ్చు, కాకీ రావచ్చు. డేగ ఒక ఉపజాతి అని ఏ పందెంగాడూ అనడు. కానీ అదే మనిషి బెంగళూరు వచ్చి ఫోనులో పాము ఫొటో చూసి, ఇది స్పైడర్ జాతి అట అంటాడు. ఆ స్పైడర్ రంగు పాముల సంగతి మరీ బాధాకరం. ఆ రంగుతో పాటే నరాల లోపం కూడా వస్తుంది, తల వణుకుతుంది, కొన్ని పాములు ఆహారం మీదికి సరిగ్గా గురిపెట్టలేవు.

నిజమైన ఉపజాతి అంటే రంగు మాత్రమే కాదు, దానికి ఒక ఊరు ఉంటుంది. ఆస్ట్రేలియా కార్పెట్ పైథాన్ ఇందుకు మంచి ఉదాహరణ. మోరెలియా స్పైలోటా అనే ఒక్క జాతిలోనే, ఆగ్నేయాన న్యూ సౌత్ వేల్స్ చలికి అలవాటుపడిన నలుపు మీద పసుపు చుక్కల డైమండ్ పైథాన్, ఈశాన్యాన క్వీన్స్‌లాండ్ వానల అడవులలో నలుపు పసుపు పట్టీల జంగిల్ కార్పెట్, ఆ తీరం వెంబడే గోధుమ, ఆలివ్ రంగుల పెద్ద కోస్టల్ కార్పెట్, ఇలా ప్రాంతానికొకటి ఉన్నాయి. రెండు ప్రాంతాలు కలిసేచోట పాములు కూడా కలిసిపోతాయి. న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగంలో డైమండ్, కోస్టల్ నడుమ అటూ ఇటూ కాని పాములు సహజంగానే ఉంటాయి. అడవిలో దొరికిన పామైతే ఎక్కడ దొరికిందో చెబితే సగం ప్రశ్న తీరిపోతుంది. పెట్టెలో పెరిగిన పాముకు ఆ ఊరే లేదు. పెంపకంలో జంగిల్‌ను కోస్టల్‌తో, దాన్ని మళ్లీ డైమండ్‌తో కలిపి, మంచి పసుపు రంగు వచ్చిందని జంగిల్ అని చీటీ అంటిస్తే, ఆ చీటీని కాదనడానికి పొలుసు లెక్కలు పెద్దగా సాయపడవు. అలాంటి పాము గురించి అడిగితే నేను తెలియదనే చెబుతాను. ఫొటో చూసి ఠక్కున ఉపజాతి పేరు చెప్పేవాడిని నమ్మకపోవడమే మంచిది.

పేరులో తేడా కొన్నవాడి ఇంటికి ఎలాంటి చిక్కు తెస్తుందో నాకు ఒక అనుభవం ఉంది. మా పక్క ఫ్లాటులో ఉండే గుంటూరు కుర్రాడు ఒకరోజు మైసూరు పాకు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తెరిస్తే కుబుసం. వైట్‌ఫీల్డ్‌లో ఉండే అతని స్నేహితుడు అది మరుగుజ్జు రకం బర్మీస్ అని, ఏడెనిమిది అడుగులు దాటదని అమ్మేవాడు చెబితే నమ్మి ఒక పిల్లను కొన్నాడట. "మాస్టారూ, ఏడాది దాటిందో లేదో తొమ్మిదడుగులు అయింది. ఇది నిజంగా మరుగుజ్జుదేనా?" అని అడిగాడు. అమ్మినవాడి మాట పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఇండొనేసియాలోని సులవేసి దీవిలో చిన్నగా ఉండే బర్మా కొండచిలువలు నిజంగానే ఉన్నాయి, వాటిని 2009లో ప్రోగ్‌షాయ్ అనే ఉపజాతిగా వర్ణించారు. ప్రపంచంలోకెల్లా పొడవైన పాము రెటిక్యులేటెడ్ పైథాన్‌లో కూడా సులవేసికి దక్షిణాన ఉన్న చిన్న దీవులలో మరుగుజ్జు ఉపజాతులు రెండింటిని 2002లో వర్ణించారు. ఆ దీవుల పేర్లు చెప్పి, మామూలు పిల్లలను మరుగుజ్జువని అమ్మడం ఈ వ్యాపారంలో పాత విద్యే. పిల్లలుగా ఉన్నప్పుడు ఏది మరుగుజ్జుదో ఎవరు తేల్చగలరు?

కుబుసాన్ని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తల భాగాన్ని తెల్ల పళ్లెంలో పరిచి చూశాను. పాము కుబుసం పెదవుల దగ్గర మొదలై మేజోడు తిరగేసినట్టు ఊడివస్తుంది. బాగా వచ్చిన కుబుసంలో కంటి మీది పొర కూడా గడియారం అద్దంలాగా చెక్కుచెదరకుండా ఉంటుంది. పామును ముట్టుకోకుండా పొలుసులు లెక్కపెట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. కంటి పొరకూ పెదవి పొలుసులకూ మధ్య చిన్న పొలుసుల వరుస రెండు పక్కలా ఉంది. బర్మా కొండచిలువే, మనది కాదు. అంతవరకు చెప్పగలిగాను. మరుగుజ్జుదా కాదా అన్నది మాత్రం కుబుసం చెప్పదు, కొలబద్ద చెబుతుంది, అది చెప్పేటప్పటికి ఆలస్యం అయిపోతుంది. కుబుసం సాగుతుంది కనుక పాము కన్నా పొడవుంటుందని చెప్పి ఆ కుర్రాడికి కాస్త ఊరట కలిగించాను కానీ, పాము బతికున్న జీవి, కొన్నాళ్లకు అది కూడా ఆ పొడవుకు చేరుకుంటుంది. వెంటనే అటవీ శాఖకు తెలియజేసి అప్పగించమన్నాను. మూడు వారాల తర్వాత అప్పగించేశారని మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు చెప్పాడు.

అసలు ఇలాంటివి కొనడం, పెంచడం దగ్గరే చట్టం ఉంది. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు సైటిస్ జాబితాలోని విదేశీ ప్రాణుల కోసం నాలుగో షెడ్యూలు చేర్చారు. అలాంటి ప్రాణులు దగ్గర ఉన్నవారు కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి. నమోదు చేసేటప్పుడు శాస్త్రీయనామం రాయాలి. ఆ గడిలో చాలామంది అమ్మినవాడు చెప్పిన పేరే రాస్తారని నా అనుమానం. మన కొండచిలువను, అది ఏ పేరుతో అమ్మినా, ఇంట్లో పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. చీటీ మీద ఏముందన్నది కోర్టులో నిలబడదు, కంటి కింది పొలుసే నిలబడుతుంది.

పొలుసులతో తేలని చోట డీఎన్ఏ ఉంది. హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి చెందిన లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణి నేరాల కేసులలో మాంసం, ఎముక, చర్మం నుంచి జాతిని గుర్తించి నివేదికలు ఇస్తుంది, తెలుగువారు గర్వించదగ్గ సంస్థ అది. కుబుసం నుంచి కూడా డీఎన్ఏ తీయవచ్చు. కానీ ఫ్లోరిడా పాముల విషయంలో చూశాం కదా, తల్లి వైపు డీఎన్ఏ ఒక్కటే చూస్తే తల్లి ఎవరో తెలుస్తుంది, తండ్రి సంగతి తెలియదు. సంకరం జరిగిందన్న అనుమానం ఉన్నప్పుడు రెండు వైపులా చూడాలి. పేర్లు కూడా స్థిరంగా ఉండవు. ఎన్నాళ్లుగానో ఒకటే అనుకున్న రాచనాగును 2024లో నాలుగు జాతులుగా విడగొట్టారు. పడమటి కనుమల రాచనాగుకు కన్నడిగుల కాళింగ అన్న పేరే శాస్త్రీయనామంలో చేరింది. కన్నడం నేర్చుకుంటున్న నా మనవరాలు ఆ సంగతి విని నాకన్నా ఎక్కువ సంతోషించింది.

మీ విలేఖరులను జంతుశాస్త్రం చదవమని నేను అడగడం లేదు. పాము దొరికిన వార్త వచ్చినప్పుడు, పట్టుకున్నవారిని తల పక్కభాగం కనిపించేలా, ఎడమా కుడీ రెండు ఫొటోలు దూరం నుంచే తీయమని అడగవచ్చు. పేరు తెలియనప్పుడు ఒట్టి కొండచిలువ అని రాయవచ్చు, ఆ తెలుగు మాటలో తప్పేమీ లేదు. పెంపుడు పాము అని రాసే ముందు అలా అనడానికి ఆధారమేమిటో ఒక వాక్యం రాయవచ్చు. పార్కింగులో కనబడితే పెంపుడుదై ఉంటుందని అనుకోవడం ఆధారం కాదు, ఆ అపార్టుమెంటు కట్టకముందు అక్కడ ఏముండేదో కనకపుర రోడ్డువాళ్లను అడిగితే చెబుతారు.

మరొక విన్నపం. ఆ పామును అటవీ సిబ్బందికి అప్పగించారని మీ వార్త చివర ఉంది, తర్వాత ఏం చేశారో లేదు. బర్మా పామని మీరు రాసిన మాట చూసి వారు దాన్ని బోనులో ఉంచి ఉంటే, ఈ ఉత్తరంతో పాటు ఆ ఫొటోను మరోసారి పెద్దదిగా వేసి, వారి దృష్టికి తీసుకువెళ్లగలరని కోరుతున్నాను. అడవిలో ఇప్పటికే వదిలి ఉంటే, ఆ సంగతిని రెండు వాక్యాలలో ప్రచురించండి. మా వీధి పిల్లలు మళ్లీ సాయంత్రాలు కిందికి దిగి ఆడుకుంటారు.

భవదీయుడు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
జె.పి. నగర్, బెంగళూరు.